రిక్వెస్టు స్టాపు

పాత గాజువాకలో మెట్ల కింద నా నెట్ సెంటర్.
మూడు కంప్యూటర్లు.
ఒకదానికి ఎన్ అక్షరం మూడేళ్లుగా పడదు.
ఏడాదంతా పాన్ కార్డులూ కరెంటు బిల్లులూ,
కౌన్సెలింగ్ నెలలో మాత్రం నేను జ్యోతిష్కుణ్ణి.
ర్యాంకు చెబితే చాలు
నాలుగేళ్లు ఎక్కడ గడుస్తాయో చెప్పేస్తాను,
ప్రింటుకి పది రూపాయలు అదనం.

చీర మీద ఖాకీ కోటు, భుజాన టికెట్ల సంచీ,
డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది వరహాలమ్మ.
వెనకాల కొడుకు, హేమసుందర్.
డెబ్బయి నాలుగు వేల మూడు వందల పన్నెండు
అన్నాడు, నా చెప్పుల్ని చూస్తూ.
ఇంటర్లో అరవై ఎనిమిది శాతం.
ఫ్లెక్సీ కట్టరు, తిట్టనూ తిట్టరు.
గ్రూపు ఫొటోలో రెండో వరుస, మధ్యలో,
ఎవరి భుజమో సగం మొహానికి అడ్డం.

"కంప్యూటర్సే కావాలంటాడు బాబూ, వస్తాదా?"
సీటు వస్తుందమ్మా, ఈ రోజుల్లో రానిది సీటు కాదు,
అని ఆగిపోయాను.
మిగతా వాక్యం నా దగ్గరా లేదు.

నిరుటి కటాఫ్ కాగితం, పసుపు గీతలు.
అలవాటుగా నా వేలు ముందు
హైవే మీది అద్దాల కాలేజీ మీదికే పోయింది.
మొదటి ఆప్షన్‌గా పెట్టిస్తే
తలకి పదిహేను వందలు, దసరాకి స్వీటు ప్యాకెట్.

"అదొద్దు" అంది.
"తగరపువలస రూట్లో పదకొండేళ్లు తిరిగాను.
ఎనిమిదిన్నరకి అక్కడ దింపిన గుంటలే
పదకొండు కాకుండా మళ్లీ నా బస్సే ఎక్కుతారు.
ఏటర్రా అంటే సార్ రాలేదంటారు.
ఒక్క సారు, మూడు నెల్లు రాలేదు."

మరి ఆ కొండ దిగువది?
సైటులో దాని ఫొటో సగమే తెరుచుకుంటుంది,
ప్లేస్‌మెంట్ల గడిలో చిన్న గీత.
"దానికి స్టేజీయే నేదు. రిక్వెస్టు మీద ఆపుతాం.
రాత్రి ఏడున్నరకి ఎక్కుతారు పిల్లలు.
నిలబడే దెబ్బలాట,
ఏదో నడవలేదంట, ఎక్కడో చుక్క తప్పిందంట.
టికెట్టంటే ఒక్కడికీ వినపడదు.
ఎండాడ దాటాక కూడా అదే గోల."

అలా సాగింది.
బ్రాంచీల పేర్ల వెనక తోకలు నేను చదువుతుంటే,
ఏఐ, డేటా, సైబరు,
ఆమె ఒక్కో దానికీ గేటు చెప్పింది,
గేటు ముందు పకోడీ బండి,
ఏ హాస్టలు పిల్లలు శనివారం
అమ్మకి ఫోన్ చేసి ఏడుస్తారో అదీ చెప్పింది.
ఇరవై ఆరు కాలేజీలు,
నా కాగితంలో లేనివే అన్నీ.

ఈలోగా వాడు ఎన్ పడని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.
వాడి పాస్‌వర్డ్‌లో రెండు ఎన్‌లు.
లేచి ఇటు రమ్మనబోయాను.
తెర మీదనే కీబోర్డొకటి తెరిచి
మౌసుతో టక్ టక్ కొట్టి లోపలికెళ్లిపోయాడు.
మూడేళ్లలో నాకు తట్టలేదది.
వాడేం గొప్పగా చూడలేదు నావైపు.
కుర్చీ దగ్గరికి లాక్కున్నాడంతే.

కొండ దిగువది ఒకటి.
అద్దాలది పంతొమ్మిదికి తోశాను,
తీసెయ్యడానికి చెయ్యి రాలేదు.
చూసి, తనే తీసేశాడు.
సంచీలో ఫోను వణికితే
ఓటీపీ అంకెల్ని టికెట్ నంబరులా
ఒక్కొక్కటీ ఒత్తి పలికిందామె.

బయట వాన.
బొగ్గు నలుపు కలిసి మెట్ల మీంచి కారుతోంది.
ప్రింటు మడత పెట్టి కోటు లోపల దాచుకుని
గుమ్మంలో ఆగింది వరహాలమ్మ.
"నిన్నెక్కడో సూసినట్టుంది బాబూ.
పొద్దున్న పదకొండు ట్రిప్పులో.
ఏ స్టేజీ నువ్వు?"

నేను చిల్లర లెక్కపెట్టాను.
రెండోసారి కూడా లెక్కపెట్టాను.